మిగిలిన ఇరవై మిల్లీమీటర్లు

1981 ఫిబ్రవరి ఇరవై మూడు, సోమవారం. ఆ పొద్దున డిటెక్టివ్ వెంకట్రాజం తిన్నది సగం సర్వపిండి, అదీ చల్లారింది. పక్కింటి లక్ష్మీనర్సమ్మ గిన్నె మీద మూతపెట్టి గడప దగ్గర ఉంచి వెళ్ళింది. వెంకట్రాజం భార్య సుగుణ పోయిన దగ్గర్నుంచి ఆ ఇల్లాలికి అదొక అలవాటు. తలుపు కొట్టదు, ఎట్లున్నారని అడగదు. పొద్దున గిన్నె పెడుతుంది, సాయంత్రం ఖాళీ గిన్నె తీసుకుపోతుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎవరైనా ఆ కేసు గురించి అడిగినా వెంకట్రాజం నాలుక మీదికి ముందు ఆ నువ్వుల రుచీ, పచ్చిమిరపకాయ కారమూ వచ్చేవి. ఎందుకంటే ఆ రోజు మళ్ళీ ఆయన నోట్లో మెతుకు పడలేదు.

మిగిలిన సగం జుబేదా చంకలోని పిల్ల తిన్నది.

జుబేదా మట్టెవాడ నుంచి నడిచి వచ్చింది. చెప్పుల్లేవు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మా ఆయన సంతకం పెడ్తనంటాండట. తప్పు నాదే, రాస్కోండ్రి అన్నడట. పెడ్తే ఇగ అయిపోయినట్టే గద?"

"ఎప్పుడు పెడ్తనన్నడు?"

"ఇన్సూరెన్స్ సార్ ఇయ్యాల సాయంత్రం రిపోర్టు ఇస్తడట. అది రాంగనే పెడ్తడట."

వెంకట్రాజం చెయ్యి కడుక్కుని చొక్కా తొడుక్కున్నాడు.

జరిగింది ఇది. మొన్న శుక్రవారం వర్ధన్నపేట దాటాక ఉన్న ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో కొత్త షాఫ్టు మీది ఇనుప పుల్లీ తిరుగుతూ తిరుగుతూ ఊడి వచ్చింది. ఎదురుగా నిలబడ్డ పోశయ్య అనే నూనె పోసే కూలీ అక్కడికక్కడే చనిపోయాడు. ఆ షాఫ్టును వరంగల్లో లేతు మీద కోసినవాడు జుబేదా మొగుడు జమాలుద్దీన్. షాఫ్టు ఉండాల్సిన దానికంటే సన్నగా కోశాడని ఇన్సూరెన్స్ సర్వేయర్ తేల్చాడు. మూడు రోజులుగా జమాలుద్దీన్ వర్ధన్నపేట ఠాణాలో ఉన్నాడు.

* * *

ఠాణాలో ఎస్సై పావుగంట ఇచ్చాడు. డ్రాయింగు కాగితం కూడా ఇచ్చాడు. జుబేదా పిల్లతో ఎండలో నిలబడి ఉంటే ఒక ముసలి కానిస్టేబులు బెంచీని నీడలోకి జరిపి, తాను అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. వెంకట్రాజం అది చూశాడు. ఇలాంటివి ఆయన కంటికి తప్పకుండా ఆనేవి.

జమాలుద్దీన్ చువ్వల వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. నలభై దాటలేదు. గడ్డం మాసింది.

"షాఫ్టు మీద పుల్లీ కూచునే చోటు ఎంతకు కోసినవ్?"

"అరువై."

"అరువైకి ఎంత తక్కువ?"

"తప్పు నాదే సార్. రాసుకోమనుండ్రి."

"తప్పు ఎవలదని అడగలే జమాల్. ఎంత తక్కువ అని అడిగిన."

వెంకట్రాజం డ్రాయింగు విప్పి చువ్వలకు ఆనించి పట్టుకున్నాడు.

"ఇదిగో. చదువు."

జమాలుద్దీన్ దగ్గరికి వచ్చాడు. కాగితం వైపు కాసేపు చూశాడు. "అరువై. పైకి సున్నా. కిందికి సున్నా పాయింట్ సున్నా మూడు," అన్నాడు గడగడా.

కాగితాన్ని వెంకట్రాజం కావాలనే తలకిందులుగా పట్టుకున్నాడు.

"నీకు కండ్లు కనిపిస్త లేవు," అన్నాడు మెల్లగా.

జమాలుద్దీన్ చువ్వలు పట్టుకున్నాడు. "గట్టిగనకుండ్రి సార్. ఓనరుకు తెల్వది. ఏడాది సంది పొర కమ్మింది. చెయ్యి మంచిగనే ఉన్నది. కోత మంచిగనే ఒస్తది. అంకెలే..."

"మరి అంకెలు ఎవలు చదువుతాన్రు?"

"నేను," అన్నది వెనక నుంచి జుబేదా.

బెంచీ మీది నుంచి ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు. "ఏడో క్లాసు దాక చదివిన సార్. పగటీలి సద్ది తీస్కపోయినప్పుడు డ్రాయింగు చదివి చెప్త. కోసినంక మైక్రోమీటర్ పెట్టి ఆ అంకె గూడ నేనే చూస్త. కోత ఆయనది, అంకె నాది. ఇప్పుడు చూస్తే సున్నా పాయింట్ సున్నా మూడు అనే ఉన్నది. ఆ రోజు నడుమ సున్నా చూసిన్నో లేదో... పిల్లకు జరం ఉండె, ఏడుస్తుండె. యాదికి ఒస్త లేదు సార్. మూడు రోజుల సంది అదే సోచాయిస్తాన. ఖసమ్, యాదికి ఒస్త లేదు."

"చుప్!" అన్నాడు జమాలుద్దీన్. "సార్, ఆమె మాట పట్టుకోకుండ్రి. సంతకం నేను పెడ్త. పిల్ల తల్లి జైలుకు పోవుడా?"

వెంకట్రాజానికి అంతా అర్థమయింది. అరవై మిల్లీమీటర్ల షాఫ్టు. సున్నా పాయింట్ సున్నా మూడు తగ్గొచ్చు అంటే తలవెంట్రుకలో సగం మందం కూడా కాదు. అదే సున్నా పాయింట్ మూడు అయితే నాలుగైదు వెంట్రుకల మందం. పుల్లీ వదులవుతుంది. ఒక మనిషి చచ్చిపోతాడు. ఆ నడిమి సున్నాను చూసిందో లేదో గుర్తులేక జుబేదా తనను తాను చంపుకుంటున్నది.

"జమాల్, మిల్లుల నీకు ఎవలతోనన్న తగాదా ఉన్నదా?"

"తగాదా ఏం లేదు సార్. పోయిన నెల మేనేజర్ సార్ ఒక పని చెప్పిండు, నేను చెయ్యనన్న. తూకం బాట్ల కింది పొక్కను పెద్దగ కోసి ఎక్కువ సీసం పోస్తరట. బాటు బరువెక్కితే రైతు పత్తి ఎక్కువ పోతది గద. పాపం అన్న. కోపంల మార్కెట్ కమిటోళ్ళకు చెప్త అని గూడ అన్న. తర్వాత ఆయనే నవ్వి, పోనీ తియ్ అన్నడు. ఈ షాఫ్టు పని గూడ ఇచ్చిండు. మంచోడే."

"శుక్రవారం నువ్వు మిల్లుల లేవా?"

"నేనే ఉండాలె సార్. కొత్త షాఫ్టు తిరిగేటప్పుడు, కోసినోడే బేరింగు మీద అరచెయ్యి పెట్టి నిలబడాలె. అదురుతాందా, కాలుతాందా చూడాలె. గది మా రివాజు. నేను జుమ్మా నమాజుకు పోయిన. ఒచ్చేదాక ఆగుతరనుకున్న. నా జాగల పోశయ్య చెయ్యి పెట్టిండు. సంతకం పెట్టకుంటే ఆయనకు రేపు ఏం జవాబు చెప్పాలె?"

"సాయంత్రం దాక ఆగు. నా కోసం ఆగు," అన్నాడు వెంకట్రాజం. తర్వాత జుబేదా వైపు తిరిగాడు. "బిడ్డా, ఇంటికి పో. అన్నం వండు. రాత్రికి ఇంటికొచ్చి తింటడు."

చేతిలో ఏ ఆధారమూ లేకుండా ఎందుకలా అన్నాడో ఆయనకే తెలియలేదు.

* * *

మిల్లు ఆగిపోయి ఉంది. షెడ్డు మధ్యలో షాఫ్టు చివర బోడిగా కనిపిస్తోంది, పుల్లీ పక్కన గోడకు ఆనించి ఉంది. పోశయ్య పడిన చోట ఎవరో గుప్పెడు తెల్లటి దూది పరిచి పోయారు. మనిషి లేకపోయినా ఆ గచ్చు గట్టిగా తగలకూడదనుకున్నట్టు.

"నమస్తే మాస్టారూ! ఇంకా బస్సులల్లనే తిరుగుతాన్రా?"

సర్వేయర్ సారంగపాణి. సఫారీ సూటు, చేతిలో మైక్రోమీటరు పెట్టె. వెంకట్రాజం పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పిన రోజుల్లో మొదటి బెంచీలో కూర్చునేవాడు. డిటెక్టివ్ పనిలోకి దిగాక ఈ శిష్యుడే అడుగడుగునా ఎదురొస్తున్నాడు.

"ఆ బస్సే ఒకప్పుడు నిన్ను క్లాసుకు తెచ్చింది పాణీ."

"నిజమే. మీరు గీతలు గీసుడు నేర్పిన్రు. నేను గీతలతోని బతుకుడు నేర్చుకున్న." నవ్వాడు. "రిపోర్టు అయిపోయింది. సంతకమే బాకీ. యాభై తొమ్మిది పాయింట్ ఏడు సున్నా ఉన్నది షాఫ్టు. యాభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఏడుకు తగ్గొద్దు. సున్నా పాయింట్ సున్నా మూడు తగ్గాల్సిన చోట వాడు సున్నా పాయింట్ మూడు తగ్గించిండు. నడుమ సున్నాను మింగిండు. లెక్క కరెక్టుగ దిగింది. కేస్ క్లోజ్."

"ఎన్ని చోట్ల కొలిచినవ్?"

"ఒక్క చోట. నడుమ. అన్నం ఉడికిందో లేదో చూడనీకె గిన్నె బోర్లించాల్నా? ఒక్క మెతుకు సాలదా?"

"మెతుకులన్నీ ఒక్క మంట మీద ఉడికినయ్ గనుక సాలుతది. ఈ షాఫ్టు మీద ఎన్ని మంటలు మండినయో నీకు ఎరుకనా? జర ఆ మైక్రోమీటర్ మిషను ఇటియ్యి."

మేనేజర్ లింగమూర్తి స్వయంగా స్టూలు తెచ్చి వేశాడు. యాభై ఏళ్ళ మనిషి, మెత్తని మాట. "కూచోండ్రి సార్. ఎండన పడి ఒచ్చిన్రు. సోడా తెప్పియ్యాల్నా? పాపం ఆ జమాలు మంచోడే. ఏం జేస్తం, తలరాత."

వెంకట్రాజం షాఫ్టు మీద వరసగా కొలిచాడు. చివర్న యాభై తొమ్మిది పాయింట్ ఏడు నాలుగు. నడుమ ఏడు సున్నా. ఇంకా లోపలికి ఆరు రెండు. మళ్ళీ ఏడు మూడు. షాఫ్టును పావు చుట్టు తిప్పి కొలిస్తే ఆ అంకెలన్నీ మళ్ళీ మారిపోయాయి.

"చూడు పాణీ. లేతు మీద ఉలి ఒక్క దారిన పోతది. కోత తప్పయినా అంతటా ఒక్క తీరుగనే తప్పుతది. ఇట్ల ఎగుడుదిగుడు రాదు. ఇది కోత గాదు, అరుగుడు. నీ కథకు సరిపడ్డ అంకె దొరకంగనే మిషను పెట్టెల పెట్టినవ్."

సారంగపాణి మొహం ఎర్రబడింది. కానీ వాడు తెలివైనవాడు.

"సరే, అరిగింది. ఒప్పుకుంట. మరి ఎందుకు అరిగింది మాస్టారూ? పుల్లీ వదులుగ ఉండబట్టే. ఎందుకు వదులున్నది? మొదలే తక్కువ కోసిండు గనుక. అరగకముందు ఎంత ఉండెనో మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆ సైజు దుమ్ముల కలిసిపోయింది. మీరు నా రిపోర్టుకే బలం ఇస్తాన్రు."

వాడన్నది నిజం. అరిగిపోయిన ఉక్కు తిరిగి రాదు. వెంకట్రాజం స్టూలు మీద కూర్చుండిపోయాడు. షెడ్డు కిటికీలోంచి ఎండ పసుపు రంగుకు తిరుగుతోంది. అక్కడ ఠాణాలో ఒకడు సంతకం పెట్టడానికి ఎదురు చూస్తున్నాడు. ఇక్కడ ఒకామె అన్నం వండుతోంది. రేపటి నుంచి ఆమె బతికినంత కాలం ప్రతి సున్నాలోనూ ఒక శవాన్ని చూస్తుంది.

"రిపోర్టు మీద సంతకం పెట్టనా?" అన్నాడు సారంగపాణి కలం తీసి. ఆ గొంతులో ఎగతాళి లేదు. అది ఇంకా బాధగా ఉంది.

"ఒక్క నిమిషం."

వేరే దారి లేక వెంకట్రాజం మళ్ళీ డ్రాయింగు విప్పాడు. విద్యార్థులకు చెప్పిన మాటే తనకు చెప్పుకున్నాడు: ఒక్క అంకెను చూడకు, దాని పక్కనున్న అంకెలను కూడా చూడు. షాఫ్టు లావు అరవై. ఆ లావున కోయాల్సిన పొడవు నూట ఇరవై. కింద మూలకు పుల్లీ బొమ్మ. పుల్లీ వెడల్పు నూరు.

నూరు.

ఆయన లేచాడు. మోకాలు స్టూలుకు కొట్టుకున్నా పట్టించుకోలేదు.

"పాణీ, కోసింది నూట ఇరవై. పుల్లీ కప్పింది నూరు. మిగిలిన ఇరవై మిల్లీమీటర్లు ఏవి?"

సారంగపాణి కలం ఆగింది.

బేరింగు పక్కనే ఒక వేలి వెడల్పున షాఫ్టు మీద గ్రీజూ దూదీ కలిసి నల్లటి అట్టలా పేరుకుని ఉన్నాయి. అక్కడ పుల్లీ ఎన్నడూ తగల్లేదు. వెంకట్రాజం జేబురుమాలుతో ఆ అట్టను తుడిచాడు. కింద ఉక్కు కొత్త గిన్నెలా మెరిసింది. సన్నని కోత గీతలు వరసగా, పట్టుచీర నేతలా ఉన్నాయి. ఒకే ఉలి, ఒకే కోత, ఒకే రోజు.

"నేను కొలవ. నువ్వే కొలువు. నీ మిషనుతోనే."

సారంగపాణి వంగి కొలిచాడు. మైక్రోమీటరును వెలుతురు వైపు తిప్పాడు. తుడిచి మళ్ళీ కొలిచాడు. పావు చుట్టు తిప్పి మళ్ళీ కొలిచాడు.

"యాభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఎనిమిది," అన్నాడు చివరికి. "యాడ కొలిచినా తొమ్మిది ఎనిమిదే." మైక్రోమీటరు కింద పెట్టి, "తప్పు నాదే మాస్టారూ," అని రిపోర్టు రెండుగా చింపాడు. ఎస్సైకి వేరే చీటీ రాశాడు: షాఫ్టు కోతలో లోపం లేదు.

"దేవుడు సల్లగ చూసిండు!" లింగమూర్తి రెండు చేతులూ జోడించాడు. "ఇగ ఆ పిలగాడిని ఒక్క గడియ గూడ అండ్ల ఉంచొద్దు. చీటీ ఇటియ్యిండ్రి. నేనే జామీను ఉండి విడిపిస్త. నా జీపుల ఇంటికాడ దింపుత. పాపం, పెండ్లాం పిల్ల ఎదురు చూస్తుంటరు."

వెంకట్రాజం కళ్ళు చెమర్చాయి. లోకంలో మంచితనం ఇంకా మిగిలే ఉందనుకున్నాడు. జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. ఆ దుమ్ము వైపు కృతజ్ఞతగా చూస్తూ నిలబడ్డాడు.

* * *

"ఒక్కటి అర్థమైత లేదు," అన్నాడు సారంగపాణి మైక్రోమీటరు తుడుస్తూ. "షాఫ్టు సైజు మంచిగుంటే పుల్లీ ఎందుకు జారింది?"

అది తాను అడగాల్సిన ప్రశ్న అని వెంకట్రాజానికి అప్పుడు తట్టింది. జమాలుద్దీన్ తప్పు కాదని తేలేసరికి సంతోషంతో అక్కడే ఆగిపోయాడు. సరిపడ్డ అంకె దొరకగానే మిషను పెట్టెలో పెట్టినవాడు తానూ అయ్యాడు.

షాఫ్టు మీద పొడవునా ఒక గాడి ఉంది. పుల్లీ లోపలా అలాంటిదే. రెంటినీ కలిపి ఒక ఉక్కు కీ దిగగొడతారు. పుల్లీని జారకుండా పట్టేది అదే.

"కీ ఏది?"

"తెగి పత్తిల పడి ఉంటది. దొరకలే."

వెంకట్రాజం కత్తితో గాడి అడుగును గీకాడు. బూడిదరంగు ముక్క ఒకటి లేచింది. గోరుతో నొక్కితే గోరు దిగింది. దాన్ని డ్రాయింగు వెనక తెల్లటి చోట గీశాడు. పెన్సిలు గీసినట్టు నల్లని గీత పడింది.

"ఉక్కు ఇట్ల గీత గీస్తదా పాణీ?"

"సీసం!" సారంగపాణి గొంతు తగ్గిపోయింది. "సీసం కీ... బరువు పడంగనే తెగుతది. పుల్లీ గిరగిర జారుతది, షాఫ్టును తింటది, ఊడి వస్తది. మాస్టారూ, ఇది యాక్సిడెంటు గాదు."

మిల్లు ఫిట్టర్ కట్టయ్యను పిలిచారు. వాడు తుండుగుడ్డ చేతిలో నలుపుతూ వచ్చాడు.

"కీ ఎవలు కొట్టిన్రు కట్టయ్యా?"

"నేనే అయ్యా. గురువారం సాయంత్రం. ఉక్కు కీ. భద్రకాళి తల్లి మీద ఒట్టు."

"శుక్రవారం పొద్దున చూసినవా?"

"చూసిన. కీ మొకం మీద నల్ల రంగు పూసి ఉండె. మేనేజర్ సార్‌ను అడిగితే, తుప్పు పట్టకుండ నేనే పూసిన అన్నడు. సారే రంగు పూసుడేందని నవ్వుకున్న."

"ఒంటిగంటకు మిషను చాలు చేసి తిప్పమన్నది ఎవలు?"

"సారే. పొద్దున వరంగల్ పోతూ చెప్పిండు. ఒంటిగంటకే చాలు చెయ్యి, జమాలుకు చెప్పిన, ఆడు ఒచ్చి చెయ్యి పెడ్తడు అన్నడు. జమాలన్న ఒచ్చిండు గని, బాంగు ఇనపడంగనే నమాజుకు పోయిండు. నేను సారు మాట దాటలేక చాలు చేసిన. పోశయ్య... జమాలన్న ఒచ్చేదాక నేను పెడ్త తియ్, నా చేతికేమన్న జరమొచ్చిందా అన్నడు, నగుకుంట. గదే ఆఖరి మాట."

వెంకట్రాజం గేటు దగ్గరి పెద్ద తక్కెడ వైపు నడిచాడు. నడక కాదు, దాదాపు పరుగు. ఇరవై కిలోల ఇనుప బాటును రెండు చేతులా దొర్లించాడు. దాని అడుగున రూపాయి బిళ్ళంత ఉండాల్సిన సీసం అరచేయంత ఉంది. ప్రభుత్వం ముద్ర లేదు. జమాలుద్దీన్ చెయ్యనన్న పనిని ఎవరో చేసి పెట్టారు.

"పోశయ్యను ఎవలూ చంపాలనుకోలే పాణీ," అన్నాడు. మాట తనది కానట్టు వినిపించింది. "ఆ జాగల చెయ్యి పెట్టాల్సింది జమాల్. బాట్ల సంగతి కమిటోళ్ళకు చెప్తనన్నందుకు, లింగమూర్తి రాత్రికి రాత్రి ఉక్కు కీ తీసి సీసం కీ కొట్టి రంగు పూసిండు. కోసినోడే చెయ్యి పెట్టాలనే రివాజు లింగమూర్తికి తెలుసు. రోజు చూసిండు, గంట చూసిండు, అన్నీ చూసిండు. శుక్రవారం పగటీలి తురకలాయన యాడ ఉంటడో అదొక్కటి తట్టలే. నమాజు జమాల్‌ను కాపాడింది. తర్వాత ఠాణా కాపాడింది. మూడు రోజులు వాడికి అంతకంటె భద్రమైన జాగ లేదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నేనే వాణ్ణి బయటికి తీసి, ఆ చేతులల్ల పెట్టిన."

సారంగపాణి అప్పటికే తన ఫియట్ తాళం తీస్తున్నాడు.

* * *

ఠాణాలో ఎస్సై లేడు, బందోబస్తుకు పోయాడు. బెంచీ జరిపిన ముసలి కానిస్టేబులే ఉన్నాడు. "ఎప్పుడో తీస్కపోయిండు సార్. పాపం, మేనేజర్ సారే దగ్గరుండి చెప్పులు తొడిగిచ్చిండు." ఎస్సైకి కబురు పంపి మట్టెవాడకు మనుషులను తీసుకురమ్మని చెప్పి కారెక్కారు. మనుషులు రావాలంటే గంట పైనే పడుతుంది.

దారి పొడవునా వెంకట్రాజం రోడ్డు పక్క గుంటలనూ తుప్పలనూ చూస్తూనే ఉన్నాడు. ప్రతి మలుపులో ఒక జీపు ఆగి ఉంటుందేమోనని, ఉండకూడదని. ఒకచోట గుంటలో తెల్లగా ఏదో కనిపించి కారు ఆపించాడు. ఎవరిదో చిరిగిన పత్తి గోనె.

"మాస్టారూ," అన్నాడు సారంగపాణి గేరు మారుస్తూ, "ఆ చీటీ రాసింది నేను. మీరొక్కరే మొయ్యకుండ్రి."

ఆ మాట వెంకట్రాజానికి భుజం మీద చెయ్యిలా తగిలింది.

మట్టెవాడ సందులోకి తిరిగేసరికి దీపాలు వెలిగించారు. జీపు అక్కడే ఉంది. జమాలుద్దీన్ ఇంటి ముందే ఉంది. సారంగపాణి ఒక్కమాటా మాట్లాడకుండా జీపు వెనక టైరు దగ్గర కూర్చున్నాడు. గాలి బుస్సుమని పోవడం మొదలైంది.

జుబేదా గుమ్మంలో ఉంది. గొంతు తగ్గించి చెప్పింది.

"మీరన్నట్టే ఒచ్చిండు సార్. అన్నం తింటాండు. మేనేజర్ సార్ గూడ ఉన్నడు. తొవ్వల్నే మిల్లుకు మలుపుదమన్నడట, ఇంకో షాఫ్టు కొలవాల్నని. ఈయన వినలేదట. నా మైక్రోమీటర్ ఇంట్ల ఉన్నది, అది లేంది షాఫ్టు ముట్ట అన్నడట. తినంగనే తీస్కపోత అంటాండు."

వెంకట్రాజం ఒక్క క్షణం గోడ పట్టుకున్నాడు. ఆ చిన్న ఇనుప పరికరం రెండుసార్లు జమాలుద్దీన్ పక్షాన నిలబడింది: కోత కొలిచినప్పుడు ఒకసారి, ఇప్పుడు ఒకసారి.

"సార్," అన్నది జుబేదా. "ఒక్కటి చెప్పుండ్రి. నేను తప్పు చదివిన్నా?"

"లేదు బిడ్డా. యాభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఎనిమిది. పాణి సారే కొలిచిండు. నువ్వు ఆ నడుమ సున్నాను చూసినవ్. సరిగనే చదివినవ్, సరిగనే కొలిచినవ్."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి ఒక్కటి మాత్రం మెల్లగా వదిలింది.

"మరి పోశయ్యన్న ఎట్ల..."

వెంకట్రాజం గడప పక్కన విడిచిన తోలు చెప్పుల జతను చూశాడు. జుబేదా ఆయన చూపు వెంటే చూసింది. ఆ చెప్పులు తన మొగుడివి కావు, మేనేజరువి. ఆమె మొహంలో రంగు దిగిపోయింది. అడగాల్సింది ఇంకేమీ లేదన్నట్టు పక్కకు జరిగి దారి ఇచ్చింది.

లోపల ఒకటే గది. పిల్ల మంచం మీద నిద్రపోతోంది. జమాలుద్దీన్ కింద కూర్చుని తింటున్నాడు, మోకాలి పక్కన మైక్రోమీటరు పెట్టె. లింగమూర్తి గోడవార కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో చేతిసంచీ, కుడిచెయ్యి ఆ సంచీలో.

"ఏంది వెంకట్రాజం గారూ, ఇంత దూరం?" నవ్వు అలాగే మెత్తగా ఉంది. "మేం బయల్దేరుతానం. లేవు జమాల్, ఆలస్యమైతాంది."

"కూచోండ్రి లింగమూర్తి గారూ," వెంకట్రాజం వెళ్ళి జమాలుద్దీన్‌కూ కుర్చీకీ మధ్యన చాప మీద కూర్చున్నాడు. "తిననీయుండ్రి. మూడు రోజుల ఆకలి. అందాక మీ తూకం బాట్ల సంగతి మాట్లాడుకుందం."

లింగమూర్తి నవ్వు ఆగిపోయింది. సంచీలోని చెయ్యి కదిలింది. జమాలుద్దీన్ ముద్ద నోటి దగ్గరే ఆగింది. సందులో జీపు టైరు నుంచి గాలి ఇంకా పోతూనే ఉంది. పోలీసులు ఇంకా ఏ మలుపులో ఉన్నారో తెలియదు.

జుబేదా లోపలికి వచ్చింది. మంచం మీది పిల్లను ఒకసారి చూసింది. తర్వాత రోజూ రాత్రి మూసినట్టే, పిల్ల ఉలిక్కిపడకుండా, తలుపు రెక్కలు రెండూ నెమ్మదిగా దగ్గరికి వేసి గడియ పెట్టింది. ఆ గడియకు వీపు ఆనించి నిలబడింది.